ఆపమనే హక్కు

1993 నవంబరు 12 రాత్రి, అమెరికాలోని డెన్వర్ నగరం, మెక్‌నికల్స్ స్పోర్ట్స్ అరీనా. ఎనిమిది పలకల కంచె లోపల ఇద్దరు నేలమీద పెనుగులాడుతున్నారు. ఒకడు కండలు తిరిగిన కెన్ షామ్‌రాక్. రెండోవాడు తెల్లటి అంగీ తొడుక్కున్న బక్కపలచటి బ్రెజిల్ యువకుడు రాయిస్ గ్రేసీ. గ్రేసీ తన అంగీ గుడ్డనే షామ్‌రాక్ మెడకు చుట్టి బిగించాడు. షామ్‌రాక్ అరచేత్తో నేలను టపటపా తట్టాడు. గ్రేసీ వెంటనే పట్టు వదిలాడు. రెఫరీ మాత్రం ఆ తట్టడం చూడలేదు, కానివ్వండి అన్నాడు. గ్రేసీ షామ్‌రాక్ వైపు తిరిగి నువ్వు తట్టావు కదా అని నిలదీశాడు. షామ్‌రాక్ కాదనలేదు. ఓడిపోయానని తనంతట తానే ఒప్పుకున్నాడు. మొత్తం 57 సెకన్ల పోటీ.

ఆ రాత్రి పళ్లు రాలాయి, మొహాలు పగిలాయి. జనం ఎక్కువగా చెప్పుకున్నవి అవే. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ) అని నేడు లోకమంతా చూస్తున్న ఆట ఎలా పెరిగిందని ఎవరైనా అడిగితే, నేను మాత్రం షామ్‌రాక్ ఒప్పుకోలు దగ్గరే మొదలుపెడతాను. రెఫరీ చూడలేదు కాబట్టి అతను నోరు మూసుకుని లేచి మళ్లీ తలపడవచ్చు. కానీ ఆపమని అడిగినవాడు ఆపినవాడికి ద్రోహం చేయలేదు. ఈ ఆటను ఇన్నేళ్లు నిలబెట్టింది ఆ మర్యాదేనని నా నమ్మకం.

నేను బోధన్ వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైనవాణ్ణి. పిల్లలకు డ్రిల్లు సారును. చిన్నతనంలో ఊరి తాలీంలో మట్టి పూసుకుని కుస్తీ పట్టాను, తర్వాత జూడో నేర్చుకున్నాను. సర్వీసు చివరి ఏళ్లలో పిల్లలు ఫోన్లలో యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్) పోటీలు చూసి వచ్చి మైదానంలో అవే పట్లు పడుతుంటే, ఆపకుండా దగ్గర కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. వాళ్ల ప్రశ్నల్లో ఒకటి ఎప్పుడూ ఉండేది: "సార్, ట్యాప్ చేయకుంటే ఏమైతది?" ట్యాప్ అంటే ఆ తట్టడమే. చరిత్రలో దానికి జవాబులు చాలా ఉన్నాయి, అన్నీ ఎముకల మీద రాసినవే.

ముందు మన కుస్తీ సంగతి చెప్పాలి. నిజామాబాద్, కామారెడ్డి, జహీరాబాద్ వైపు ఊళ్లలో జాతరకో, హోళీకో, ఉగాదికో కుస్తీలు పెట్టడం పాత ఆనవాయితీ. మొదట చిన్నపిల్లల జోడీలు, గెలిచినవాడికి కొబ్బరికాయ. తర్వాత పదులు, వందల రూపాయల పందేలు. పొద్దుగూకే వేళకు ఆఖరి జోడీ, దానికి తులాల లెక్కన వెండి కడియం. ఈ కుస్తీలో గెలుపు ఒక్కటే: చిత్. ఎదుటివాడి వీపు మట్టికి అంటాలి. నొప్పి పెడుతోంది, వదిలేయ్ అనే మాటకు ఇక్కడ లెక్క లేదు. వెల్లకిలా పడ్డావా లేదా అన్నదే తీర్పు. పడ్డవాడు లేచి, గెలిచినవాడి చేయి పట్టుకుని, మట్టి దులుపుకుని వెళ్తాడు.

ఇది మంచి పద్ధతే, ఎముకలు కాపాడే పద్ధతి. కానీ దీనికో పరిమితి ఉంది. 1910 సెప్టెంబరులో లండన్‌లో మన కుస్తీ వీరుడు గామా పైల్వాన్, పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కోతో తలపడ్డాడు. జిబిస్కో బోర్లా పడుకుని నేలను కరుచుకున్నాడు. రెండున్నర గంటలకు పైగా సాగిన ఆ పోటీలో గామా అతణ్ణి వెల్లకిలా తిప్పలేకపోయాడు. వీపు నేలకు అంటకపోతే ఓటమి లేదన్న నియమాన్ని జిబిస్కో గొడుగులా పట్టుకున్నాడు. వారం తర్వాత మళ్లీ పోటీ అంటే రానే లేదు. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ కలిసినప్పుడు గామా నిమిషంలోపే అతణ్ణి చిత్ చేశాడు.

నేలమీద పడ్డ తర్వాత కూడా పోరు సాగాలి, ఎముక విరగకుండా ఆగాలి అంటే వేరే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు జపాన్‌లో కుదిరింది. పాత జుజుత్సు బడుల్లో మెడపట్లు, కీళ్ల మెలికలు ఉండేవి. జిగోరో కానో 1882లో టోక్యోలో కొడోకాన్ స్థాపించి, ప్రమాదకరమైన దెబ్బలను పక్కన పెట్టి, పూర్తి బలంతో సాధన చేయగలిగిన వాటిని జూడోగా కూర్చాడు. సాధనలో ఒకడు మెడ బిగిస్తాడు, రెండోవాడు తట్టుతాడు, మొదటివాడు వదులుతాడు. మర్నాడు ఇద్దరూ మళ్లీ వస్తారు.

ఆ తట్టడం ఎందుకంత అవసరమో నేను పిల్లలకు చేసి చూపేవాణ్ణి. వెనక నుంచి మెడ చుట్టూ చేయి వేసి, మోచేయి మడత సరిగ్గా గొంతు ముందుకు వచ్చేలా పెడితే గొంతుక నలగదు, ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఒకపక్క ముంజేయి, ఇంకోపక్క దండ చేయి మెడకు రెండు వైపులా ఉన్న పెద్ద రక్తనాళాలను నొక్కుతాయి. మెదడుకు రక్తం తగ్గుతుంది. సరిగ్గా పడితే పది సెకన్లలోపే మనిషి సొమ్మసిల్లుతాడు. నొప్పి పెద్దగా ఉండదు, అందుకే ఇది మోసం చేస్తుంది. పిల్లవాడు ఇంకా ఓర్చుకోగలను అనుకుంటూనే కళ్లు తేలేస్తాడు. కాబట్టి పట్టు నేర్పేముందు తట్టడం నేర్పాలి. చేయి ఆడకపోతే కాలితో తట్టాలి, కాలూ ఆడకపోతే నోటితో అరవాలి. తట్టింది నేల మీదైనా, ఎదుటివాడి ఒంటి మీదైనా పట్టినవాడు ఆ క్షణమే వదలాలి. నా దగ్గర దీనికి రెండో అవకాశం ఉండేది కాదు. ఒక్కసారి తట్టినా వదలనివాణ్ణి ఆ ఏడాది మళ్లీ మ్యాట్ ఎక్కనిచ్చేవాణ్ణి కాను.

కొడోకాన్‌లో తయారైన మిత్సుయో మయేదా 1904లో జపాన్ వదిలి, దేశదేశాలు తిరిగి పందెం పోటీలు ఆడుతూ చివరికి బ్రెజిల్ ఉత్తరాన బెలెం పట్నంలో స్థిరపడ్డాడు. అక్కడే కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడికి విద్య అందింది. కార్లోస్ తమ్ముళ్లకు నేర్పాడు. తమ్ముళ్లలో ఎలియో గ్రేసీ బక్కపలచని వాడు. బలం తక్కువైనవాడు నేలమీద ఓపిగ్గా ఎలా గెలవాలో ఆ ఇంట్లో తరాల పాటు సాన పట్టారు. 1951 అక్టోబరులో రియో డి జనీరోలోని మరకానాలో జపాన్ జూడో దిగ్గజం మసహికో కిమురా, ఎలియోతో తలపడ్డాడు. నియమం: విసిరితే గెలుపు లేదు, అదిమితే గెలుపు లేదు. ఎదుటివాడు లొంగాలి, లేదా స్పృహ తప్పాలి. మన ఊరి కుస్తీ లెక్కన అయితే కిమురా మొదటి విసురుకే కడియం ఎత్తుకుపోయేవాడు. అతను ఎలియోను ఎన్నోసార్లు ఎత్తి కుదేశాడు, చివరికి చేతిని వెనక్కి మెలితిప్పాడు. ఎలియో తట్టలేదు. మెలిక ఇంకా బిగిసింది, అయినా తట్టలేదు. అన్న కార్లోస్ చూడలేక పోటీ ఆపించాడు. ఆ పట్టును నేటికీ ప్రపంచమంతా కిమురా అనే పిలుస్తారు. ఓడించినవాడి పేరును ఓడినవాళ్లు తమ పాఠంలో నిలబెట్టుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

బ్రెజిల్‌లో ఏ దెబ్బైనా చెల్లే పోటీలు అప్పటికే ఉన్నాయి, వాటిని వాలే టూడో అంటారు. 1960 ప్రాంతంలో అలాంటివి టీవీలో కూడా వచ్చేవి. గ్రేసీల శిష్యుడు జోవావ్ అల్బెర్తో బరెతో ఒక పోటీలో ప్రత్యర్థి చేయి పట్టాడు. ప్రత్యర్థి లొంగలేదు. ఇళ్లలో జనం చూస్తుండగానే చేయి విరిగింది. ఆ కార్యక్రమం తెరమీంచి దిగిపోయింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, డెన్వర్‌లో మళ్లీ వస్తాడు.

ఈ దారిలో నన్ను అన్నింటికన్నా కలచివేసేది కరాచీ కథ. 1976 జూన్‌లో జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకి, బాక్సర్ ముహమ్మద్ అలీతో టోక్యోలో పదిహేను రౌండ్లు ఆడాడు. ఎక్కువసేపు వెల్లకిలా పడుకుని అలీ కాళ్లను తన్నాడు. పోటీ సమం, జనానికి నిరాశ. అదే ఏడాది డిసెంబరులో ఇనోకి కరాచీ నేషనల్ స్టేడియానికి వెళ్లాడు. ఎదురుగా అక్రమ్ పైల్వాన్, గామా తమ్ముడు ఇమాంబక్ష్ కొడుకు. ఉపఖండంలో కుస్తీకి ఆ ఇంటికి మించిన ఇల్లు లేదు. ఆ పోటీ కుస్తీ పద్ధతిలో జరగలేదు. ఇనోకి అతని చేతిని పట్టి మెలితిప్పాడు. కిమురా పట్టిందీ ఆ మెలికే. అక్రమ్ లొంగలేదు, భుజం పోయింది, పోటీ ఆపాల్సి వచ్చింది. అతను పెరిగిన అఖాడాలో గెలుపోటములు వీపు మట్టికి అంటడంతోనే తేలేవి. చేయి విరిగేలా ఉంటే తట్టి బతకడం అక్కడ పాఠంలో భాగం కాదు. వేల మంది సొంత జనం ముందు, అంతటి వంశం పేరు మోస్తూ, ఆపమని ఎలా అడుగుతాడు? నేనైతే అతణ్ణి తప్పుపట్టలేను. 1979లో లాహోర్‌లో ఇనోకితో అదే ఇంటి కుర్రాడు జుబైర్ జారా తలపడ్డాడు. గెలుపు తేలకపోయినా పోటీ అయ్యాక ఇనోకి తానే జారా చేయి పైకెత్తి చూపాడు.

ఇక డెన్వర్. ఎలియో కొడుకు రోరియన్ గ్రేసీ కాలిఫోర్నియాలో విద్య నేర్పుతూ, ఆర్ట్ డేవీ అనే ప్రకటనల రంగం మనిషితో కలిసి, బాక్సర్, కరాటే మనిషి, సుమో మనిషి, కుస్తీ మనిషి ఒకే రాత్రి తలపడితే ఎవరు గెలుస్తారో తేల్చే పోటీ తలపెట్టాడు. ఎనిమిది మంది, గెలిచినవాడికి 50 వేల డాలర్లు. పేరు అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్, అదే యూఎఫ్‌సీ. బరువు తరగతుల్లేవు, జడ్జిల్లేరు. రెఫరీలున్నారు, వారిలో ఒకరు ఆ చేయి విరిచిన బరెతోనే. కానీ రెఫరీకి పోటీ ఆపే అధికారం నియమాల్లో లేదు. ఆటగాడు తట్టాలి, లేదా అతని మనుషులు తువ్వాలు విసరాలి. మొదటి పోటీలోనే సుమో మనిషి టెయిలా టులి మొహాన డచ్ ఆటగాడు జెరార్డ్ గోర్డో తన్నాడు, పన్ను ఎగిరిపోయింది, 26 సెకన్లలో అయిపోయింది. బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్ ఒక చేతికే గ్లోవు తొడుక్కుని వచ్చి, రాయిస్ గ్రేసీ తన ఛాతీ మీద ఎక్కి కూర్చోగానే ఏ పట్టూ పడకముందే తట్టేశాడు. దీనికి చాలామంది నవ్వుతారు. నాకు అది తెలివైన పనిగానే తోస్తుంది. తనకు తెలియని నీళ్లలో దిగానని తెలిసినవాడు ఒడ్డుకు రావడం మంచిది. ఫైనల్లో గోర్డో తన చెవి కొరికాడని గ్రేసీ చెప్పాడు, అందుకే అతను తట్టిన తర్వాత కూడా ఇంకాస్త బిగించి ఉంచాడు. షామ్‌రాక్ దగ్గర చూపిన మర్యాద అక్కడ తప్పాడు, కారణం ఏదైనా అది తప్పే.

ఇళ్లలో డబ్బు కట్టి ఆ రాత్రి చూసినవాళ్లు సుమారు 86 వేల మంది. ఒళ్లు చూస్తే పీలగా ఉన్నవాడు ముగ్గురిని వరుసగా, మొహం మీద పెద్దగా గుద్దకుండా, లొంగదీసి గెలవడం జనానికి కొత్త. జుజుత్సు బడులకు మనుషులు క్యూ కట్టింది అప్పుడే.

రెండో పోటీకి, 1994 మార్చిలో, లాస్ ఏంజెలెస్ పోలీసు అధికారి జాన్ మెకార్తీ రెఫరీగా వచ్చాడు. కింద పడి దెబ్బలు తింటూ, తట్టడానికి కూడా తెలివి లేని మనిషిని చూస్తూ తను ఆపలేకపోవడం అతనికి మింగుడుపడలేదు. ఈ అధికారం లేకపోతే మళ్లీ రానన్నాడు. మూడో పోటీ నుంచి రెఫరీకి ఆపే అధికారం వచ్చింది. ఈ ఆటకు పునాది వేసినవాళ్ల పేర్లు రాయమంటే నేను గ్రేసీల పక్కనే మెకార్తీ పేరు రాస్తాను. తట్టడం పట్టులో ఉన్నవాడిని కాపాడుతుంది. తలకు దెబ్బ తగిలి తెలివి తప్పినవాడు తట్టలేడు కదా. వాడి తరఫున ఎవరో ఒకరు ఆపాలి.

అదే ఏడాది డిసెంబరులో గ్రేసీ, తనకన్నా చాలా బరువైన కుస్తీ మనిషి డాన్ సెవెర్న్ కింద పడి పదిహేను నిమిషాలకు పైగా ఓపికపట్టి, చివరికి కాళ్లతో మెడ బిగించి లొంగదీశాడు. ఆ గెలుపు చాలా ఇళ్లలో కనపడలేదు, ప్రసారానికి కొన్న సమయం అప్పటికే అయిపోయింది. తర్వాతి పోటీ నుంచి కాలపరిమితి పెట్టారు.

నిర్వాహకులు మాత్రం నియమాలు లేకపోవడాన్నే సరుకుగా అమ్మారు. దాని ఫలితం వచ్చింది. 1996లో సెనేటర్ జాన్ మెకెయిన్ ఈ పోటీలను మనుషుల కోడిపందేలన్నాడు, నిషేధించమని రాష్ట్రాల గవర్నర్లందరికీ లేఖలు రాశాడు. 36 రాష్ట్రాలు నిషేధించాయి. 1997 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలో జరగాల్సిన పోటీని ఆఖరి నిమిషంలో అలబామాలోని డోతన్ అనే చిన్న ఊరికి మార్చుకోవాల్సి వచ్చింది. కేబుల్ సంస్థలు ప్రసారం మానేశాయి.

సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేల బరుల గురించి తెలిసిన తెలుగువాడికి మెకెయిన్ మాట బరువు అర్థమవుతుంది. ఆ మాటలో సగం న్యాయం ఉందని నేనంటాను. కోడి కాలికి కత్తి కట్టేది మనిషి, బరిలో దింపేది మనిషి, పందెం కాసేది మనిషి. కోడికి చాలు అనే వీలు లేదు. ఓడితే కూరకు పోతుంది. 1993లో రెఫరీ చేతులు కట్టేసి మనుషులను లోపలికి పంపినవాళ్లు నిజంగానే ఆ అంచుకు వెళ్లారు. కానీ లోపలున్న మనిషికి తట్టే చేయి ఉంది. ఆ చేతిని, రెఫరీ చేతిని నమ్ముకుని ఆటను తిరిగి కట్టవచ్చని మెకెయిన్ అప్పుడు చూడలేదు.

కట్టింది న్యూజెర్సీ. అక్కడి క్రీడా నియంత్రణ మండలి 2000లో పోటీలకు అనుమతిచ్చి, 2001 ఏప్రిల్‌లో అందరినీ కూర్చోబెట్టి ఒకే నియమావళి రాయించింది. బరువు తరగతులు, వేళ్లు బయటికుండే చిన్న గ్లోవులు, ఐదేసి నిమిషాల మూడు రౌండ్లు, టైటిల్ పోటీకి ఐదు. తలతో పొడవడం, కంట్లో వేలు పెట్టడం, నేలమీద ఉన్నవాడి తలను తన్నడం ఫౌళ్లు. రింగు పక్కన డాక్టరు. అదే ఏడాది నెవాడా కూడా ఒప్పుకుంది, అంటే లాస్ వెగాస్ తలుపు తెరుచుకుంది. ఆ జనవరిలోనే వ్యాపారులు ఫెర్టిట్టా సోదరులు, డేనా వైట్‌తో కలిసి, కూలిపోతున్న యూఎఫ్‌సీని 20 లక్షల డాలర్లకు కొన్నారు.

ఈలోపు జపాన్‌లో ఇదే ఆట పెద్ద పండుగైంది. 1997లో టోక్యో డోమ్‌లో ప్రైడ్ పోటీలు మొదలయ్యాయి. 2000 మే 1న జపాన్ ఆటగాడు కజుషి సకురాబాతో రాయిస్ ఆడటానికి గ్రేసీలు ప్రత్యేక షరతులు పెట్టారు: రౌండ్లకు లెక్క ఉండకూడదు, రెఫరీ ఆపకూడదు. పదిహేనేసి నిమిషాల ఆరు రౌండ్లు, గంటన్నర. కాళ్ల మీద పడ్డ తన్నులకు రాయిస్ ఇక నిలబడలేని స్థితి. తట్టలేదు. అతని అన్న తువ్వాలు విసిరాడు. తమ్ముడి కోసం అన్న ఆపడం ఆ కుటుంబంలో కొత్త కాదు. దాదాపు నాలుగు నెలల తర్వాత అదే సకురాబా, రెంజో గ్రేసీ చేతిని కిమురా పట్టుతో మెలితిప్పాడు. రెంజో మోచేయి తప్పింది, అయినా తట్టలేదు, రెఫరీ ఆపాడు. తర్వాత రెంజో సాకులు వెతక్కుండా సకురాబాను మెచ్చుకున్నాడు. ధైర్యమే. కానీ నా విద్యార్థి అలా చేస్తే నేను మెచ్చుకోను, ఆ రాత్రంతా నిద్రపోను.

జనం కూడా ఈ సంగతి నేర్చుకోవాల్సి వచ్చింది. 2004 జూన్‌లో లాస్ వెగాస్‌లో హెవీవెయిట్ టైటిల్ పోటీ, ఫ్రాంక్ మీర్, టిమ్ సిల్వియా. మీర్ కింద పడుకునే సిల్వియా కుడిచేతిని కాళ్ల మధ్య ఇరికించి వెనక్కి వంచాడు. రెఫరీ హెర్బ్ డీన్ ఒక్కసారిగా ఆపండి అని అరుస్తూ మధ్యలోకి దూకాడు. 50 సెకన్లు. సిల్వియా లేచి, నాకేం కాలేదు, ఎందుకు ఆపావని గొడవకు దిగాడు. చేయి ఊపి చూపాడు. స్టేడియమంతా రెఫరీని తిట్టింది. తర్వాత పెద్ద తెరమీద నెమ్మదిగా చూపారు: మోచేయికి కింద ముంజేయి, వంగకూడని చోట వంగుతోంది. అరుపులు ఒక్కసారిగా మూలుగులయ్యాయి. ఎముక విరిగింది నిజం, లోపల లోహపు పట్టీ వేయాల్సి వచ్చింది. డీన్ తన ఆటజీవితం నిలబెట్టాడని సిల్వియా తర్వాత ఒప్పుకున్నాడు. ఇరవై వేల కళ్లు చూడనిది దగ్గరున్న రెండు కళ్లు చూశాయి. నేను ఈ ఆటను గౌరవించడం మొదలుపెట్టింది ఆ పోటీ చూశాకే.

నా వాదనకు అడ్డు నిలిచే పోటీ ఒకటుంది, దాచను. యూఎఫ్‌సీ నష్టాల్లో మునిగి, సొంత ఖర్చుతో తీసిన టీవీ కార్యక్రమం చివరి రాత్రి, 2005 ఏప్రిల్ 9న, ఫారెస్ట్ గ్రిఫిన్, స్టెఫన్ బోనర్ మూడు రౌండ్లు దాదాపు నిలబడే ఒకరినొకరు బాదుకున్నారు. ఎవరూ తట్టలేదు. అమెరికాలో ఈ ఆట ఇంటింటికీ చేరింది ఆ రాత్రే అంటారు. నిజమే, జనానికి దెబ్బలు కావాలి. కానీ ఆ పోటీ మామూలు కేబుల్ ఛానెల్లో ఉచితంగా వచ్చిందంటే, న్యూజెర్సీలో రాసిన ఆ కాగితాల వల్లే. ఇద్దరూ చివరిదాకా తెలివితోనే ఉన్నారు, గంట కొట్టగానే కౌగిలించుకున్నారు. గ్రిఫిన్ గెలిచాడు, కాంట్రాక్టు మాత్రం ఇద్దరికీ దక్కింది.

మిగిలింది డబ్బు చరిత్ర. 2016లో యూఎఫ్‌సీ సుమారు 400 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. చివరిదాకా మొండికేసిన న్యూయార్క్ కూడా ఆ ఏడాదే చట్టం మార్చింది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదటి యూఎఫ్‌సీ పోటీ 2016 నవంబరు 12న, డెన్వర్ రాత్రికి సరిగ్గా 23 ఏళ్లకు జరిగింది. బీజింగ్ ఒలింపిక్ జూడో కాంస్య విజేత రోండా రౌజీ 2013లో ఆడవాళ్ల తొలి యూఎఫ్‌సీ పోటీలో లిజ్ కార్ముష్‌ను చేయి పట్టి తట్టించింది. 2018 అక్టోబరులో దగెస్తాన్ కుస్తీ మనిషి ఖబీబ్ నుర్మగొమెదోవ్, ఎంతో నోటి దురుసు ప్రదర్శించిన కానర్ మెక్‌గ్రెగర్‌ను నాలుగో రౌండులో మెడపట్టుతో తట్టించాడు. డబ్బు కట్టి చూసిన ఇళ్లు సుమారు 24 లక్షలు, యూఎఫ్‌సీలో అంతకుముందు లేని సంఖ్య. అంత ద్వేషం రగిలిన పోటీ కూడా మెక్‌గ్రెగర్ చేయి తట్టిన క్షణంలో ఆగింది. గొడవంతా ఆ తర్వాతే జరిగింది, దానికి ఇద్దరికీ శిక్షలు పడ్డాయి.

ఆ కోట్లలో ఆడేవాళ్ల వాటా చిన్నది. జీతాలు అణచిపెట్టారని 2014లో ఆటగాళ్లు వేసిన దావా పదేళ్లు నడిచి, చివరికి 37.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. అది వాళ్ల చెమటకు ఆలస్యంగా దక్కిన కూలి, సరిపోయేంత కూడా కాదు.

మన దేశం నుంచి యూఎఫ్‌సీలో మొదట అడుగుపెట్టిన భరత్ ఖండారే 2017లో షాంఘైలో మెడపట్టుకు ఓడాడు. 2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా అమ్మాయి పూజా తోమర్ గెలిచింది, భారతీయుల్లో తొలి గెలుపు ఆమెదే. తెలుగు సినిమా ఈ వైపు ముందే చూసింది. పూరి జగన్నాథ్ 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'లో కిక్ బాక్సింగ్ పెట్టి, 2022లో 'లైగర్'లో ఎంఎంఏ దాకా వచ్చాడు. నా విద్యార్థులు ఆ పోస్టర్లు చూసే జిమ్ములకు వెళ్లారు.

ఒప్పుకుని కొట్టుకుని, ఒప్పుకుని ఆగడం మా ప్రాంతానికి కొత్త కాదు. బోధన్ దగ్గర హున్సా ఊళ్లో హోళీ నాడు పగలు కుస్తీలు, సాయంత్రం పిడిగుద్దులాట. తాడుకు రెండు పక్కలా నిలబడి గుద్దుకుంటారు. కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, గుద్దుకున్నవాళ్లే కౌగిలించుకుంటారు. పోలీసులు వద్దన్నా ఊరు మానలేదు. గాయాల సంగతి ఆలోచిస్తే నాకు భయమే, కానీ ఆగాల్సిన వేళ ఆగే కట్టుబాటు ఆ ఊరి సొంతం.

హైదరాబాద్‌లో, జిల్లా కేంద్రాల్లో కూడా ఇప్పుడు ఎంఎంఏ నేర్పే జిమ్ములు తెరుస్తున్నారు. కోచ్‌లకు నాది ఒకటే విన్నపం. ఈ ఆటలో తువ్వాలు విసిరే అలవాటు ఇప్పటికీ చాలా తక్కువ, మూలన కూర్చున్న గురువులు శిష్యుడి పరువు పోతుందని జంకుతారు. కార్లోస్ తమ్ముడి కోసం ఆపించాడు, మీరూ ఆపండి. తల్లిదండ్రులారా, పిల్లవాణ్ణి చేర్చేముందు జిమ్ములో ఒక గంట కూర్చుని చూడండి. అద్దాలు, బరువులు, గోడమీది పోస్టర్లు చూడకండి. ఒకడు తట్టగానే రెండోవాడు వదులుతున్నాడా, వదలకపోతే కోచ్ ఏం చేస్తున్నాడు, తట్టినవాణ్ణి ఎవరైనా ఎగతాళి చేస్తున్నారా అన్నది చూడండి. ఎగతాళి చేసే చోట మీ పిల్లవాణ్ణి చేర్చకండి.